ఎగుడుదిగుడు పెరడు

నిజామాబాదు వైపునుండి ఆర్మూరునకు వచ్చు బాటసారికి ఊరికంటె ముందుగా ఊరి గుట్ట కనబడును. పెద్ద పెద్ద నల్లని బండలు, ఎవరో పని గట్టుకొని ఒకదానిపై నొకటి పేర్చినట్లు, ఆకాశమున కెదురుగా నిలిచియుండును. దానిని నవనాథ సిద్ధుల గుట్ట యందురు. గుట్టమీద సిద్ధేశ్వరుని గుడి కలదు. గుట్ట దిగిన పట్టణము. పట్టణము దాటిన పసుపు చేలు, ఎఱ్ఱజొన్న చేలు, మొక్కజొన్న చేలు. హైదరాబాదునుండి నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాలకు పోవు 63వ జాతీయ రహదారియు ఇచ్చటనే కలిసికొనును. పసుపు పండించు రైతులకు ఈ ఊరి పేరు ఎంత పరిచితమనగా, ఒక పసుపు రకమునకే ఆర్మూరు రకమను పేరు నిలిచినది.

ఆ గుట్టను చూచి యాత్రికులు ఆశ్చర్యపడుదురు. దాని చేరువను ఇల్లు కట్టుకొన్న గృహస్థు మాత్రము తన పెరడు చూచి నిట్టూర్చును. ఏలయనగా గుట్ట మన కంటికి కనబడుచోటనే ముగియదు. దాని రాయి నేల క్రిందుగా చాల దూరము సాగిపోవును. ఆ రాయి పైకి వచ్చినచోట మట్టి బెత్తెడు, అది లోతునకు పోయినచోట మట్టి నిలువెడు. పైన చూచిన అంతయు ఎఱ్ఱని చెలక నేలయే. కాని ఒకచోట పార దిగును, రెండడుగుల అవతల ఖంగుమని రాతికి తగులును. ఇంటి పునాదులు త్రవ్విన మట్టి ఒక మూల కుప్పగా మిగులును. ఇసుక పోసినచోట ఒక దిబ్బ, సున్నము కలిపినచోట ఒక గుంట. ఇల్లు పూర్తియగునప్పటికి చేతిలోని డబ్బు అయిపోవును. పెరడు మాత్రము అట్లే ఎగుడుదిగుడుగా మిగిలిపోవును.

అట్టి పెరడు నొకదానిని ఉదాహరణముగా గైకొందము. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అనగా ఇంచుమించు ఒక గుంట నేల. ఇంటివైపు ఎత్తు, వెనుక గోడవైపు పల్లము. ఆ ఇంటి ఇల్లాలు ఏటికి సరిపడు పసుపును, నాలుగు కూరగాయలను అందు పండించుకొన దలచినది. తొలకరి వానకు పసుపు కొమ్ములు నాటినది. ఆ యేడు వానలు బాగుగనే కురిసినవి. అయినను ఎత్తున నాటిన మొక్కలు మూరెడు పెరిగి ఎండిపోయినవి. పల్లమున నాటినవి భాద్రపదము వచ్చునప్పటికి ఆకుల అంచులు పసుపుబారి, పట్టి లాగినంతనే ఊడి చేతికి వచ్చినవి. దుంపలు మెత్తబడి దుర్వాసన కొట్టినవి. ఒకే పెరటిలో, ఒకే వానకు, సగము దప్పితోను సగము ముంపుతోను చచ్చినవి. ఇట్టి నష్టము ఈ ప్రాంతమున ఎన్ని పెరళ్ళలో జరుగుచున్నదో లెక్కించినవారు లేరు.

పల్లమునందలి మొక్కలకు వచ్చినది దుంపకుళ్ళు. నీరు నిలిచిన నేలలో గాలి యాడదు. గాలి లేని వేళ్ళు బలహీనపడును. అదే సమయమున పిథియము అను సూక్ష్మజీవి ఆ నీటిలో వృద్ధిపొంది దుంపలోనికి చొచ్చును. పసుపును మనము గింజలతో పెంచము. నిరుటి దుంపయే ఈ యేటి విత్తనము. కావున దుంప కుళ్ళినచో పంట మాత్రమే గాక రాబోవు సంవత్సరపు విత్తనమును పోయినట్లే. పొలములలోని రైతు ఎకరమునకు సుమారు 10 క్వింటాళ్ళ విత్తనము నాటును. ఆయనకు ఇది యెంత నష్టమో ఊహింపుడు.

ఈ నష్టమునకు మూలము వాన కాదు, నేల యొక్క ఏటవాలు. ఒక చిన్న లెక్క వేసి చూతము. నిజామాబాదు జిల్లాలో ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షము కురియును. అందు అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే. ఒక దినమున 50 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందము. అట్టి వాన ఇచ్చట అరుదు కాదు. మన పెరటి వైశాల్యము 96 చదరపు మీటర్లు. దానిపై పడిన నీరు 4800 లీటర్లు! పదునైదు లీటర్ల బిందెలతో కొలిచిన 320 బిందెలు. ఇంత నీరు నిలకడగా ఇంకినచో పెరడు బంగారమగును. ఏటవాలున పరుగెత్తినచో పైనున్న మెత్తని మట్టిని కోసుకొని పోయి పల్లమున నిలుచును. ఎగుడుదిగుడు నేలను బాగుచేయుట యనగా ఆ 320 బిందెల నీటికి నడక నేర్పుటయే.

ఇట్టి పెరడు గలవారికి మొదట తోచు ఉపాయ మొకటి కలదు. జేసీబీని పిలిపించి, ఎత్తును తీసి పల్లమున వేయించి, అంతయు ఆటస్థలమువలె చదును చేయించుట. ఇది త్వరలో ముగియు పని. కాని నా అభిప్రాయమున చిన్న పెరటికి ఇంతకంటె చెడుపు మరియొకటి లేదు. అద్దె సంగతి యటుంచుడు. నేలలో పంటకు పనికివచ్చునది పైనున్న నాలుగైదు అంగుళముల మట్టి మాత్రమే. ఆకులు, వేళ్ళు, వానపాములు ఎన్నో ఏండ్లు శ్రమించి దానిని సిద్ధము చేసినవి. క్రింద నున్నది మొరము. అనగా బండరాయి కాలక్రమమున చివికి, అందలి ఒక భాగము బంకమన్నుగను, మరియొక భాగము గరుకు ఇసుకగను మారగా ఏర్పడిన పదార్థము. దానియందు ప్రాణము తక్కువ. యంత్రము ఎత్తు ప్రదేశమును కోయునప్పుడు మంచి మట్టి ముందుగా పల్లమునకు పోయి అడుగున పడును. దానిమీద మొరము వచ్చి కూర్చుండును. అంతయు చదునైన పిమ్మట చూచిన కన్నులకు ఇంపుగా నుండును గాని, పైన మిగిలినది పుట్టనేల. పైగా అంత బరువైన బండి అటునిటు తిరిగినందున నేల గట్టిపడి నీరింకదు.

మరి యేమి చేయవలెను? మొదటి పనికి ఒక్క పైసయు అక్కరలేదు. ఒక వానకాలము ఊరక చూచుచుండవలెను. వాన వెలిసిన వెంటనే పెరటిలోనికి పోయి, నీరు నిలిచినచోట్ల నెల్ల ఒక్కొక్క పుల్ల గ్రుచ్చవలెను. నీరు పారిన జాడలను కాగితముపై గీసికొనవలెను. మరునాటికి ఏ మడుగు ఇంకినది, ఏది ఇంకలేదు, పొరుగువారి పెరటినుండి నీరు ఎచ్చట చొరబడుచున్నది, ఇంటి చూరునీరు ఎచ్చట పడి గుంట చేయుచున్నది, ఇవన్నియు గుర్తింపవలెను. కంటికి చదునుగా తోచు నేల చదును కాకపోవచ్చును; నీరు మాత్రము ఎన్నడును పొరబడదు. తొందరపడి వేసవిలోనే పార పట్టినవారు చాలమంది నీరు లేనిచోట గట్టు వేసి, నీరు పోవలసినచోట అడ్డు కట్టి, తరువాత విచారించుచుందురు.

రెండవ పని కొలత. ఇందులకు ఇంజనీర్ల పరికరములు అక్కరలేదు. ఇండ్లు కట్టు మేస్త్రీల చేతిలో నుండు లెవలు పైపు చాలును. అది సన్నని, లోపలి నీరు బయటికి కనబడు ప్లాస్టిక్ గొట్టము. దానిలో నీరు నింపి, నడుమ గాలిబుడగలు లేకుండ చూచి, ఒక కొనను ఎత్తుననున్న కఱ్ఱకును, రెండవ కొనను పల్లముననున్న కఱ్ఱకును కట్టవలెను. రెండు కొనలును తెరచియుండవలెను. గొట్టము ఎట్లు వంకరలు పోయినను రెండు కొనలయందును నీరు సమానమైన ఎత్తుననే నిలుచును. ఎత్తువైపున నేలనుండి నీటిమట్టము వరకు 20 సెంటీమీటర్లును, పల్లమువైపున 110 సెంటీమీటర్లును ఉన్నచో, రెండుచోట్లకును గల తేడా 90 సెంటీమీటర్లు. మన ఉదాహరణములోని పెరటి వాలు అంతయే యనుకొందము.

గొట్టము దొరకనివారు మూడు కఱ్ఱలతో ఒక సాధనమును చేసికొనవచ్చును. సమానమైన పొడవు గల రెండు కఱ్ఱల కొనలను పైన కలిపి కట్టి, కాళ్ళు ఎడముగా చేసి, నడుమ అడ్డకఱ్ఱ నొకదానిని బిగింపవలెను. పై ముడినుండి త్రాటితో రాయి వ్రేలాడదీయవలెను. రెండు కాళ్ళను ఏవేని రెండు చోట్ల నిలిపి, త్రాడు అడ్డకఱ్ఱను తాకినచోట గీత గీయవలెను. తరువాత కాళ్ళను తారుమారు చేసి అవే చోట్ల నిలిపి మరియొక గీత గీయవలెను. ఆ రెండు గీతలకు సరిగా నడిమి చోటే సమమట్టపు గుర్తు. ఇక త్రాడు ఆ గుర్తుపై నిలిచినప్పుడెల్ల రెండు కాళ్ళును ఒకే ఎత్తున నున్నట్లు. ఈ సాధనముతో ఒక్కొక్క అడుగే కదలుచు పోయినచో, పెరటిలో ఒకే ఎత్తున నున్న చోట్లనన్నిటిని కలుపు రేఖ దొరకును. అది తిన్నగా నుండదు. గుట్ట అంచువలె వంపులు తిరుగును. ఆ వంపు ననుసరించి గట్టు వేసినచో నీరు గట్టు పొడవునను సమముగా నిలుచును. దానిని కాదని దారముపట్టి తిన్నని గట్టు వేసినచో, నీరంతయు ఒక మూలకు చేరి అచ్చటనే గట్టును తెంచును.

పెద్ద కాలువలకును ఇదే సూత్రము. ఆర్మూరునకు చేరువనే గోదావరిపై పోచంపాడు వద్ద శ్రీరామసాగరము కలదు. దానికి 1963వ సంవత్సరము జులై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. అచ్చటినుండి బయలుదేరు కాకతీయ కాలువ నేలవాలును కనిపెట్టుకొని, కొద్దికొద్దిగా దిగుచు, కరీంనగరు మీదుగా వరంగల్లు వైపునకు నీటిని కొనిపోవును. ఆ నీటిని ముందునకు నెట్టువారు లేరు. నేలమట్టమును జాగ్రత్తగా కొలిచి త్రవ్వినవారి లెక్కయే నెట్టుచున్నది.

ఇక పెరటికి వత్తము. 12 మీటర్ల పొడవున 90 సెంటీమీటర్ల వాలు కలదు. దీనిని ఒకే చదునుగా చేయదలచినచో, పైసగమును కోసి క్రిందిసగమున పోయవలెను. పై అంచున 45 సెంటీమీటర్ల లోతు కోత, క్రింది అంచున 45 సెంటీమీటర్ల ఎత్తు పూడిక. కదల్పవలసిన మట్టి 10.8 ఘనపు మీటర్లు. అట్లుగాక మూడు మెట్లుగా చేసితిమనుడు. ఒక్కొక్క మెట్టు 4 మీటర్ల పొడవు. మెట్టునకు మెట్టునకు ఎత్తు 30 సెంటీమీటర్లు. ఒక్కొక్క మెట్టులో కోత 15 సెంటీమీటర్లు, పూడిక 15 సెంటీమీటర్లు మాత్రమే. మూడింటికిని కలిపి కదల్పవలసిన మట్టి 3.6 ఘనపు మీటర్లు. అనగా సరిగా మూడవవంతు! ఘనపు మీటరు మట్టి సుమారు 1500 కిలోగ్రాముల బరువుండును. పదునైదు కిలోగ్రాముల తట్టతో మోసినచో మొదటి పద్ధతిలో 1080 తట్టలు, రెండవ పద్ధతిలో 360 తట్టలు. మీరు కాగితముపై ఈ లెక్కను వేసి చూడుడు. మెట్లు రెండయిన శ్రమ సగమగును, నాలుగయిన నాల్గవవంతగును. కాని మెట్లు పెరిగినకొలది గోడలును పెరుగును. నడచుటకు, నాటుటకు చోటు తగ్గును. గుంటెడు పెరటికి మూడు చాలును.

పై మట్టిని కాపాడుటకు ఒక క్రమము కలదు. ముందుగా అన్నిటికంటె క్రిందనున్న మెట్టులోని మంచి మట్టిని గీరి ప్రక్కన కుప్పగా పోయవలెను. తరువాత అచ్చటి మొరమును కోసి, పూడ్చి, చదును చేయవలెను. ఇప్పుడు నడిమి మెట్టులోని మంచి మట్టిని గీరి, క్రింది మెట్టుపై పరవవలెను. నడిమి మెట్టు చదునైన పిమ్మట పై మెట్టులోని మంచి మట్టిని దానిపై పరవవలెను. కడపట, మొదట ప్రక్కన పోసిన కుప్పను పై మెట్టునకు ఎక్కింపవలెను. ఈ విధమున ఒక్క కుప్పనే దూరము మోయవలసి యుండును. తక్కినదంతయు పారతో క్రిందికి లాగు పనియే. మంచి మట్టిని ఇట్లు కదల్చు శ్రమ పైన చెప్పిన 360 తట్టల లెక్కలో చేరలేదు. ఆ శ్రమకు వెనుదీసినవారు రెండు మూడేండ్లు పంట లేక కూర్చుండవలసి వచ్చును.

పూడిక మట్టిని ఒక్కసారిగా కుమ్మరింపరాదు. బెత్తెడేసి మందమున పోసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి, మరల పోయవలెను. అట్లు చేసినను తొలివానకు అది కొంత దిగును. కావున పూడికవైపు రెండు వ్రేళ్ళ ఎత్తు అదనముగా నుంచుట మంచిది. పెరటిలో వేపయో మామిడియో ఉన్నచో, దాని మొదటిచుట్టు మట్టి ఎత్తుగా పోయరాదు. చెట్టు వేళ్ళలో అనేకము నేలకు పైపైననే యుండి గాలి పీల్చుకొనుచుండును. మూరెడు మట్టి క్రింద అవి ఊపిరాడక చచ్చును. చెట్టు మాత్రము రెండు మూడేండ్ల తరువాత ఎండును గనుక కారణము ఎవరికిని తోచదు.

మెట్టునకు మెట్టునకు నడుమ మట్టిని నిలుపుటకు గోడ కావలెను. ఇచ్చట ఆర్మూరు వాసులకు గుట్టయే చుట్టము. గుట్టనుండి రాళ్ళు తెచ్చుకొనుడని కాదు; అది తగదు. పెరడు త్రవ్వుచుండగనే కావలసినన్ని రాళ్ళు పైకి వచ్చును. పెరటిని పాడుచేసినదని తిట్టుకొన్న రాయియే ఇప్పుడు వెల లేని సామగ్రి యగును. సిమెంటు అక్కరలేదు, అక్కరలేదనుటకంటె కూడదనుటయే సరి. సిమెంటు గోడ వెనుక నీరు చేరినప్పుడు బయటికి దారి లేక, ఆ నీటి బరువు గోడను ముందునకు త్రోయును. వట్టి రాళ్ళ గోడలో సందులు గలవు గనుక నీరు కారిపోవును, మట్టి నిలుచును.

ఆ గోడ పేర్చు పద్ధతి ఇది. ముందుగా జానెడు వెడల్పునకు కొంచెము మించి, అందులో సగము లోతున కందకము త్రవ్వి, అన్నిటికంటె పెద్ద రాళ్ళను అందు కూర్చుండబెట్టవలెను. ఆ పైన ప్రతి రాయియు క్రింది రెండు రాళ్ళమీద ఆనునట్లు పేర్చవలెను; సందుమీద సందు రాకూడదు. నడుమ నడుమ పొడవైన రాళ్ళను మట్టిలోనికి చొచ్చునట్లు అడ్డముగా పెట్టవలెను. గోడ నిలువుగా గాక, కొండ నానుకొన్న మనిషివలె, వెనుకకు కొంచెము వ్రాలియుండవలెను. 30 సెంటీమీటర్ల ఎత్తునకు 5 సెంటీమీటర్ల వ్రాలు చాలును. గోడ వెనుక చిన్న గులకరాళ్ళను, పెంకు ముక్కలను నింపుచు రావలెను. మోకాలి ఎత్తు మించని గోడను ఇంటివారే కట్టుకొనవచ్చును. అంతకు మించినచో రాతిపని తెలిసినవారిని పిలువక తప్పదు. కూలిన గోడ క్రింద కాలు పడినచో ఆదా చేసిన కూలి వైద్యునికి పోవును.

గులకరాళ్ళ పొరను గూర్చి చిన్నచూపు వలదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, మాచూ పీచూ అను పర్వతనగరమున ఇంకాలు అయిదువందల యేండ్లకు పూర్వము కట్టిన మెట్ల మళ్ళు నేటికిని నిలిచియున్నవి. పరిశోధకులు వానిని త్రవ్వి చూడగా, అడుగున పెద్ద రాళ్ళు, వానిపై గులకరాళ్ళు, ఆపైన ఇసుకమన్ను, అన్నిటికి పైన సారవంతమైన మట్టి కనబడినవి. అంతటి వానలలో ఆ కొండ జారకుండుటకు ఆ పొరలే కారణము. ఫిలిప్పీన్స్ దేశములోని ఇఫుగావో జనులు కొండలను మెట్లుగా మలచి వరి పండించుచున్నారు; ఆ మళ్ళకు 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థానము నిచ్చినది. అంత దూరము పోనేల? మన తూర్పు కనుమలలో అరకు ప్రాంతపు గిరిజనులును కొండవాలులను మెట్లుగా చేసి సేద్యము చేయుచున్నారు. వీరెవరును కొండను చదును చేయవలెనని తలపలేదు.

రాళ్ళు చాలనివారు గోడకు మారుగా గడ్డిని నాటవచ్చును. వట్టివేరు ఇందుకు మిక్కిలి తగినది. దాని వేళ్ళు ప్రక్కలకు పాకక లోతునకు దిగును. దుబ్బులు దగ్గరదగ్గరగా పెరిగి దడివలె నిలుచును. నీరు ఆ దడిగుండ మెల్లగా వడకట్టుకొని పోవును, మట్టి ఇవతలనే ఆగిపోవును. కర్ణాటకములోని కొందరు రైతులు దీనిని తరతరములుగా పొలము గట్లపై పెంచుచుండిరి. 1980 తరువాతి దశకములో ప్రపంచబ్యాంకు నిపుణులు దీనిని ఇతర దేశములకును పరిచయము చేసిరి. నిమ్మగడ్డియు కొంతవరకు పనికివచ్చును. వంటింటికి తేనీరు అదనపు లాభము.

ఇప్పుడు మెట్లు సిద్ధమైనవి. వానిని పూర్తిగా పీటవలె చదునుగా నుంచవచ్చునా? కూడదు. ఒక ప్రక్కకు మీటరునకు ఒక సెంటీమీటరు చొప్పున స్వల్పమైన వాలు ఉండవలెను. 8 మీటర్ల వెడల్పునకు 8 సెంటీమీటర్లు. కంటికి తెలియదు గాని, ఇంకగా మిగిలిన నీరు తొందరపడక ఆ ప్రక్కకు నడచి, రాళ్ళు పరచిన చిన్న కాలువలో పడి, మెట్టువెంట మెట్టు దిగి పల్లపు మూలకు చేరును. ఆ మూలలో ఇంకుడుగుంత యొకటి త్రవ్వి, రాళ్ళతోను ఇసుకతోను నింపవలెను. గుంత ఇంటి పునాదికి కనీసము మూడు మీటర్ల దూరమున నుండవలెను. పొరుగువారి గోడ మొదట ఉండరాదు. మన నీటిని గోడ క్రిందుగా పొరుగింటికి పంపుట పెరడు బాగుచేయుట కాదు, జగడమును నాటుట.

ఎంత చేసినను పెరటిలో ఎత్తుపల్లములు కొంత మిగులును. వానిని మిగులనిచ్చుటయే తెలివి. నేలను మొక్కకు తగినట్లు మార్చుట ఖర్చు. నేలకు తగిన మొక్కను నాటుట ఉచితము. తడి ఆరని మూలలో చేమ, అరటి, మెట్టతామర పెరుగును. రాయి పైకి వచ్చిన ఎత్తులో మునగ, సీతాఫలము, కరివేప బ్రతుకును. బండ సందులో సీతాఫలము ఎట్లు కాయునో తెలంగాణపు గుట్టలే చెప్పును. పసుపునకు నడిమి మెట్టు తగినది. అది కొంత నీడను ఓర్చును గనుక మునగ నీడ పడినను బాధ లేదు. అయినను చదును నేలలో నాటక, మీటరు వెడల్పున, 15 మొదలు 20 సెంటీమీటర్ల ఎత్తున బోదెలు చేసి నాటవలెను. బోదెల నడుమ కాలువలో నీరు పోవును, దుంప పొడిగా నుండును. ఈ ప్రాంతపు రైతులలో చాలమంది పూర్వపు మళ్ళ పద్ధతిని విడిచి, ఎత్తు బోదెలపై నాటి బిందుసేద్యము చేయుచున్నారు. జిల్లాలోని కమ్మరపల్లి పసుపు పరిశోధన స్థానమువారు ఈ పంటపై పరిశోధనలు చేయుచున్నారు. 2025లో జాతీయ పసుపు బోర్డునకు నిజామాబాదు కేంద్రస్థానమైనది. బోర్డులు పెద్ద మార్కెట్ల సంగతి చూచుకొనును. పెరటిలోని నాలుగు బోదెలను మనమే చూచుకొనవలెను.

మొరము పైకి తేలినచోట్లకు మంచి మట్టి యెచ్చటినుండి తేవలెను? కొనుట కంటె చెరువును తలచుకొనుట మేలు. మన పూర్వులు కట్టిన చెరువులు వానకాలమున చేలనుండి కొట్టుకొని వచ్చిన మెత్తని మట్టిని అడుగున దాచుకొనును. ఎండకాలమున చెరువు ఎండగా ఆ పూడికమట్టిని బండ్లతో చేలకు తోలుకొనుట తెలంగాణమున పాత వాడుక. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ అను పేర చెరువుల పునరుద్ధరణమును ఆరంభించినప్పుడు, అనేకులు రైతులు తమ ట్రాక్టర్లతో ఆ మట్టిని పొలములకు చేర్చుకొనిరి. పెరటికి ఒక్క ట్రాక్టరు మట్టి చాలును; అనుమతి గల చెరువునుండి మాత్రమే తేవలెను. దానిని పైన మందముగా పరచినచో ఎండకు నెఱ్ఱెలు విచ్చును. నాలుగు వంతుల ఎఱ్ఱమట్టికి ఒక వంతు చొప్పున కలిపినచో మొరమునకు నీటిని పట్టియుంచు గుణము వచ్చును. ఎండుటాకులు, పేడ, వంటింటి తొక్కలు, బూడిద, ఇవి ప్రతి ఇంట నున్నవే. ఆర్మూరు ప్రక్కనున్న అంకాపూరు పచ్చి మొక్కజొన్న పొత్తులకును, కూరగాయలకును, విత్తనములకును పేరు పొందిన గ్రామము. అట్టిచోట పశువులు తినగా మిగిలిన పొత్తు తొక్కలును గుంతలో వేసి కుళ్ళబెట్టిన మంచి ఎరువగును.

తక్కువ డబ్బుతో పని చేయువారు అంతయు ఒక్క వేసవిలోనే ముగింపవలెనని తలపరాదు. మొదటి యేడు నీటి కాలువయు ఇంకుడుగుంతయు. రెండవ యేడు క్రింది మెట్టు, దాని గోడ. మూడవ యేడు తక్కినవి. ఉన్న కొద్ది డబ్బును మొదటనే అందమునకు ఖర్చు చేసి, రంగు పలకలు పరచి, ఆపైన వానకు అవి కదలిపోగా మరల పరచువారిని నేను చూచితిని. అందము వలదని నా భావము కాదు. చండీగఢ్ నగరమున రోడ్ల శాఖలో చిన్న ఉద్యోగిగా నుండిన నేక్‌చంద్ అనునాయన 1957 ప్రాంతమున, ఊరి చివర వాగుపల్లమున, ఎవరికిని చెప్పకయే ఒక తోటను కట్టనారంభించెను. పగిలిన పెంకులు, గాజుముక్కలు, పారవేసిన రాళ్ళు, ఇవే ఆయన సామగ్రి. అది ప్రభుత్వపు నేల గనుక అధికారులు కనుగొన్నప్పుడు పడగొట్టవలెనని తలచిరి. ప్రజలు మెచ్చినందున నిలిచినది. 1976లో దానిని రాక్ గార్డెన్ అను పేర అందరికిని తెరచిరి. ఆ తోటలో చదునైన చోటు తక్కువ. ఆ ఎత్తుపల్లములనే ఆయన దారులుగను, జలపాతములుగను మలచెను.

మన ఉదాహరణములోని ఇల్లాలి పెరటికి తిరిగి వత్తము. మూడవ యేట జూను మొదటివానలకు నడిమి మెట్టున నాలుగు బోదెలు వేసి, వ్రేలెడు లోతున కొమ్ములు నాటి, పైన ఆకులు కప్పినచో మొలకలు మూడు నాలుగు వారములకు పైకి వచ్చును. పెద్ద వాన కురిసిన మరునాడు ఆమె చూడవలసినవి మూడు: కాలువలో రాళ్ళు కదలినవా, గోడ ఎచ్చటనైన ఉబ్బినదా, పూడిక దిగినదా. దిగినచోట రెండు తట్టల మట్టి వేసిన చాలును. పుష్య మాఘములకు ఆకులు వాడి నేల వ్రాలును. అప్పుడు దుంపలను త్రవ్వి, విత్తనమునకు కొన్నిటిని నీడన దాచి, తక్కినవానిని ఉడుకబెట్టి పది పదునైదు దినములు ఎండబెట్టవలెను. అయిదు కిలోగ్రాముల పచ్చి పసుపునకు ఇంచుమించు ఒక కిలోగ్రాము ఎండు పసుపు దిగును. త్రవ్వినందువలన బోదెలు చెదరి, నేల మరల గుంటలు పడును. అటకమీద నున్న ప్లాస్టిక్ గొట్టమును దించి, నీరు నింపి, రెండు కొనలను ఇద్దరు పట్టుకొని మరియొకసారి కొలువవలెను.